లచ్చవ్వ చిప్పలు

మిషన్ దవాఖానలో ఆశీర్వాదం ముప్పై ఒక్క ఏండ్లు కంపౌండర్‌గా చేసి రిటైరైండు. మెట్‌పల్లిలో ఇప్పటికీ ఆయనను పేరు పెట్టి పిలిచేటోళ్లు తక్కువ. కొందరు కంపౌండర్ సారంటరు, పాతోళ్లు పొట్లాల సారంటరు. ఆయన కట్టినట్టు పొట్లం ఇంకెవ్వరికీ కట్టరాలేదు మరి. తెల్లకాగితం ముక్క, నడుమ చిటికెడు మందు, నాలుగు మడతలు, ఆఖరికి ఒక మూల లోపలికి దోపుడు. బస్సులో కింద పడ్డా, జనం తొక్కినా, లోపలి పొడి రవ్వంత రాలేది కాదు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. రోగి ఏ ఊరోడైనా కొలత కొలతే.

అసొంటి మనిషికి ఇంట్లో భార్య లచ్చవ్వ కోళ్లను సాకే తీరు చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

లచ్చవ్వకు ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. వాటికి పెరట్లో గోడ పొంటి ఆరు చిప్పలు. ఒకదాంట్లో మక్క నూక. ఒకదాంట్లో జొన్నలు, తాలు వడ్లు. మూడోదాంట్లో గానుగ కాడి నుంచి తెచ్చిన పల్లి చెక్క, నానబెట్టి చిదిమింది. నాలుగోదాంట్లో వారసంతలో గంపల అడుగున మిగిలే ఎండు రొయ్యల పొట్టు. ఐదోదాంట్లో గుడ్డు డొల్లలు, పెనం మీద మాడ్చి పలుకులు పలుకులుగా దంచినవి. ఆరోదాంట్లో ఇసుక. ఇవి చాలవన్నట్టు జామచెట్టు కొమ్మకు తోటకూర కట్టను తలకిందులుగా వేలాడదీసేది. కోళ్లు ఎగిరెగిరి గుంజుకునేటివి. ఒక మూలకు పాత కుండలో పెండ, తడి గోనెముక్క కుక్కి నేల మీద బోర్లించేది. రెండు దినాలల్ల దాంట్లోకి చెదలు పట్టేవి. కుండ లేపంగనే కోళ్లన్నీ సంత లారీ వచ్చినట్టు ఉరికేటివి.

"గిది పెరడా, పెండ్లి బంతా?" అనేటోడు ఆశీర్వాదం.

"బంతే అనుకో. ఎవలకు ఏది కావాలెనో అది తింటరు. నీ సొమ్మేం పోయింది?"

"అన్నీ కలిపి ఒక్క చిప్పలో పెడితే తినయా?"

"నీకు అన్నం, పప్పు, పచ్చిపులుసు, చాయ్ అన్నీ ఒక్క గిన్నెల పోసిస్త. తింటవా?"

దానికి ఆయన గొణుక్కుంట పేపర్ తెరిచేటోడు.

కోళ్లకు పేర్లు కూడా లచ్చవ్వ పెట్టినయే. నల్లగా నిగనిగలాడేది కర్రెది. తుప్పు రంగుది ఎర్రది. ఒంటి నిండ చుక్కలున్నది గవ్వలది. మెడకు ఈకలు లేనిది మెడబోడది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు చుట్టూ చూసి వేసేది దొరసాని. పుంజు పేరు మాత్రం ఇంటి గోడలు దాటనిచ్చేది కాదు. కోడి కూయాల్సినదానికన్న గంట ముందే లేచి, ఎవరు విన్నా వినకపోయినా అరగంట కూస్తదని దాన్ని అయ్యగారు అనేది. పాస్టరు తిమోతి అయ్యగారు ఇంటికి వచ్చిననాడు దాన్ని పట్టుకొని గంప కింద మూసేది.

ఆ నవంబర్‌లో, కడుపుతో ఉన్న కూతురు స్తుతికి ఎనిమిది నెలలు నిండి తొమ్మిదో నెల పడ్డది. స్తుతి జైనూర్‌లో బడిపంతులమ్మ. బీపీ ఎక్కి, కాళ్లు వాచి, ఆమెను ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తోలిండ్రని అల్లుడు శనివారం ఫోన్ చేసిండు. తెల్లారి మందిరంలో ఆదివారం ఆరాధన, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల టైముకు లచ్చవ్వ లేచి నిలబడ్డది. కొంగు తల మీదికి లాక్కున్నది.

"నా బిడ్డ, నా బిడ్డ కడుపుల పాప, ఇద్దరు క్షేమంగ బయటపడితే, వచ్చే కోత పండుగకు నా పెరట్ల కోళ్లు పెట్టిన గుడ్లు ముప్పై దేవుని ముంగట పెడుత. సంతల కొన్నయి కాదు. నా పెరట్లయే" అన్నది.

కోత పండుగంటే పంట ఇంటికొచ్చినంక మందిరంలో చేసుకునే పండుగ. ఎవలింట్లో ఏది పండితే అది తెస్తరు. గుమ్మడికాయలు, మక్క కంకులు, పసుపు కొమ్ములు, కోళ్లు. ఆరాధన అయినంక ముంగటి వాకిట్లో అన్నిటికీ వేలం. మొక్కుకున్నోళ్లు తమ మొక్కును చేతిలో పట్టుకొని పేరు చెప్పి ఇస్తరు. ఇయ్యనోళ్లను ఎవ్వరూ ఏమనరు. కానీ అనకుండా చూసే చూపు ఉంటది కదా, అది అనుటకన్న ఎక్కువ.

మూడో రోజుకు ఆదిలాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల. తల్లీపిల్ల మంచిగున్నరు. లచ్చవ్వ అక్కడికక్కడే మోకాళ్ల మీద కూసున్నది. లేచి మూట కట్టింది. కోత పండుగ ఇంకా ఐదు వారాలుంది. పండుగ ముందటి శనివారం వస్తనన్నది.

బస్టాండ్‌లో ఆశీర్వాదం, "కోళ్ల ఫికర్ చేయకు. నేనున్న" అన్నడు.

"నువ్వున్నవనే ఫికర్. స్తుతి బాపూ, ఒక్కటే చెప్తున్న, చిప్పలు మార్చకు. ఆఖరి రెండు వారాలల్ల పెట్టిన గుడ్లే తీసి పెట్టు. పాతయి దేవునికి వద్దు."

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి మళ్లొకసారి, "చిప్పలు!" అని అరిచింది.

మూడు దినాలు ఆయన చిప్పలు మార్చలేదు. ఊరికె కూసొని చూసిండు. చూసినకొద్దీ ఆయనలోని కంపౌండర్ పరేషాన్ అయిండు. ఎర్రది ఎప్పుడు చూసినా మక్క నూక మీదనే. మెడబోడది రొయ్యల పొట్టు తప్ప ఇంకోటి ముట్టదు. దొరసాని మూడు పలుకులు తిని పోతది. అయ్యగారైతే డొల్లల చిప్ప దిక్కు కన్నెత్తి చూడడు. ఒకదానికి బలం ఎక్కువైతుంది, ఒకదానికి తక్కువైతుంది. ఇట్లయితే ముప్పై గుడ్లు ఎట్లయితయి? అవతల చంటిపిల్ల క్షేమానికి మొక్కిన మొక్కు. రోగులను వాళ్ల ఇష్టానికి విడిచిపెడితే ఎవడైనా చేదు మందు తాగుతడా?

నాలుగో దినం పొద్దున ఆరు చిప్పల సరుకూ తక్కెడలో తూచి, ఎండు తోటకూర కూడా కలిపి, ఒక్క సంచిలో పోసుకొని బాలమల్లు పిండిగిర్నికి పోయిండు.

బాలమల్లు సంచి మూతి తెరిచి, ముక్కు మూసుకున్నడు. "సారూ, గిది ఏంది?"

"దాణా."

"గిండ్ల రొయ్యలున్నయి."

"ఉంటయి."

"గుడ్డు డొల్లలున్నయి. ఇసుక కూడా ఉన్నది సారూ!"

"ఇసుక కొంచెమే. నువ్వు సన్నగ పట్టు."

దవాఖానలో తన తండ్రికి అర్ధరాత్రి మందిచ్చిన మనిషి. బాలమల్లు కాదనలేకపోయిండు. కండ్లు మూసుకొని పట్టిండు. ఆ మాపటికే నలుగురు ఆడోళ్లు గిర్ని ముంగట నిలబడి, జొన్నరొట్టెలు రొయ్యల వాసన వస్తున్నయని, పండ్ల కింద కరకరమంటున్నయని, వాని ఏడు తరాలను తలుచుకున్నరు. పాపం, వాడు ఆ వాసన పోయేదానికి వారం దినాలు గిర్నిలో ఊక ఆడించిండు.

ఆశీర్వాదం మాత్రం సంబురంగా ఇంటికొచ్చి కాగితాలు కత్తిరించిండు. తొమ్మిది కోళ్లు, పూటకొక పొట్లం, దినానికి పద్దెనిమిది. కట్టుడు మొదలువెట్టంగనే వేళ్లకు పాత హుషారు వచ్చింది. ఒక కోడిది ఇంకో కోడి తినకుండా ఒక్కొక్కదాన్ని ఒక్కో గంప కింద మూసి, పొట్లం విప్పి ముంగట పోసిండు. చిప్పలన్నీ కడిగి అటక మీద బోర్లించిండు.

గోడ అవతల షహర్ బానో బట్టలు కుడుతది. మిషన్ ఆపి, గోడ మీదికెల్లి తల పెట్టింది. ఆమె, లచ్చవ్వ ఇరవై ఏండ్ల దోస్తులు.

"అన్నా, కోళ్లకు జ్వరమా?"

"కాదు చెల్లె. బలానికి."

"పొట్లాలల్లనా?" ఆమె నోటికి దుపట్టా అడ్డం పెట్టుకున్నది. "భాభీకి ఎరుకేనా?"

"వచ్చినంక చూస్తది. ఖుషీ అయితది."

"ఔ, బహుత్ ఖుషీ అయితది" అన్నది షహర్ బానో. మిషన్ చప్పుడు మళ్లా మొదలైంది కానీ, మధ్య మధ్య ఆగి నవ్వుతున్నది వినవడుతనే ఉన్నది.

మొదటి వారం ఏం కాలేదు. రెండో వారం కోళ్లు పొడి ముంగట నిలబడి ముక్కులు రుద్దుకునుడు మొదలువెట్టినయి. సన్నటి పిండి ముక్కుకు మెత్తుకొని గట్టిపడేది. తినుటకన్న నీళ్లు తాగుడు ఎక్కువైంది. అయ్యగారు కూత తగ్గించిండు. అంత పొడుగు కూసేది రెండు ముక్కలు కూసి, దగ్గినట్టు ఆపేది. అటెన్క ఒకనాడు గవ్వలది గూట్లోంచి లేస్తే గుడ్డు చేతికి మెత్తగా తగిలింది. డొల్ల లేదు. తోలు సంచిలో నీళ్లు పోసినట్టు ఉన్నది. మరునాడు కర్రెది పెట్టిన గుడ్డు గంపలో వేయంగనే పగిలింది. ఇంకోనాడు దొరసాని, అంత మర్యాదస్తురాలు, తను పెట్టిన గుడ్డును తనే పొడిచి తిన్నది. ఎర్రది పొద్దస్తమానం గోడ సున్నం గీకుతున్నది.

మాపటికి లచ్చవ్వ ఫోన్. జైనూర్‌లో సిగ్నల్ కోసం ఆమె డాబా ఎక్కి మాట్లాడేది. గాలి చప్పుడు, అవతల పిల్ల ఏడుపు.

"మనుమరాలికి అన్నీ నీ చెవులే. కోళ్లెట్లున్నయి?"

"మంచిగున్నయి."

"గవ్వలది పెడుతున్నదా?"

"పెడుతున్నది."

అది అబద్ధం కాదు. పెడుతున్నది. ఏం పెడుతున్నదో ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. ఫోన్ పెట్టినంక ఆయన అన్నం పెట్టుకున్నడు. అన్నమంటే కూడా ఏముంది, బియ్యం, పప్పు, ఉన్న కూరగాయ అన్నీ ఒక్క కుక్కర్‌లో వేసి మూడు విజిల్స్. పొద్దున అదే, మాపటికి అదే. ఆమె పోయినకాడి నుంచి ఆయన తింటున్నది తన పొట్లమే.

కోత పండుగ పద్దెనిమిది దినాలకు వచ్చింది. దాయడానికి పనికొచ్చే గుడ్డు ఒక్కటి లేదు. ఆశీర్వాదం గోడ కాడికి పోయి నిలబడ్డడు.

"షహర్ బానో, కోళ్లకు తెగులు తగిలినట్టున్నది."

"తెగులు కాదన్నా. నీ పొట్లాలు."

"అన్నీ లచ్చవ్వ పెట్టినయే కదనే! తూకం తప్పలే."

"తూకం ఎవలది అన్నా? నీదే కదా." ఆమె కత్తెర పక్కన పెట్టి గోడకు ఆనుకున్నది. "మా ఇంట్ల కోడలు అంబ్రీన్ కడుపుతో ఉన్నప్పుడు చింతకాయ అడిగింది. మా ఆయన ముకర్రం చింతకాయ అడగలే. ఇద్దరికీ సమానంగ పెడతనా? నేను కోళ్లు సాకలేదు, నాకు తెల్వది. కానీ భాభీ ఏం చేస్తదో దినాం చూస్తున్న. మాపటికి నీళ్ల గోళెం కాడ పీట ఏసుకొని కూసుంటది. ఏం చేస్తున్నవ్ భాభీ అంటే, రేపు ఎవలు గుడ్డు పెడతరో చూస్తున్న అంటది."

"అదెట్ల తెలుస్తది?"

"మాపటికి డొల్లల చిప్ప కాడికి ఎవలు పోతరో, పొద్దుగాల వాళ్లు పెడతరట. లోపల డొల్ల తయారయ్యే యాళ్లకు అదే అడుగుతదట. నువ్వేమో డొల్లలను పిండి పట్టించి పుంజుకు కూడా తినిపిస్తివి. వాడేం గుడ్డు పెడతడా అన్నా?"

ఆశీర్వాదం ఎనుకకు తిరిగిండు. లోపలికి పోయి, స్టూల్ వేసుకొని, అటక మీది చిప్పలు దించిండు.

మక్క నూక తెచ్చిండు, పల్లి చెక్క తెచ్చిండు, సంతకు పోయి రొయ్యల పొట్టు తెచ్చిండు. డొల్లలు మాడ్చిండు, ఈసారి పలుకులుగానే దంచిండు. కుండలో పెండ కుక్కి బోర్లించిండు. గంపలన్నీ లేపిండు. కోళ్లు ముందు నమ్మలేదు. మెడలు చాపి చూసి, ఈ మనిషి మళ్లా మూస్తడేమోనని దూరం దూరం నడిచినయి. దొరసాని ముందుకొచ్చింది. అన్ని చిప్పల ముంగట ఒక్కొక్క అడుగు వేసుకుంట పోయి, డొల్లల చిప్ప కాడ ఆగి, తల ఎత్తకుండ తిన్నది. ఎర్రది, గవ్వలది ఒకదాన్నొకటి తోసుకున్నయి. అయ్యగారు అటు దిక్కే రాలేదు. జొన్నలు తిని, గోడెక్కి, చాన్నాళ్లకు పొడుగ్గా కూసిండు.

ఆశీర్వాదం గోళెం కాడ పీట వేసుకున్నడు. రిటైరైననాడు దవాఖానోళ్లు శాలువాతో పాటు ఇచ్చిన కొత్త రిజిస్టర్ ఒకటి ఇన్నేండ్లు ఖాళీగా పడున్నది. అది తెరిచిండు. రోగి పేరు ఉండేకాడ కోడి పేరు రాసిండు.

"కర్రెది: పొద్దున మక్క నూక. పగటి నుంచి పల్లి చెక్క. ఎండ తగ్గినంక డొల్లలు."

"మెడబోడది: రొయ్యల పొట్టే. ఈకలు రాలి కొత్తయి మొలుస్తున్నయి. గుడ్డు పెట్టదు. అడగవద్దు."

ఆ ఆఖరి మాట రాసినంక ఆయనకే నవ్వొచ్చింది. ఈకలు మొలిచేదానికి బలం ఈకలకు కావాలె, అందుకే రొయ్యలు. దాన్ని పట్టుకొని తను మక్కల పొడి మింగించిండు. కోళ్లకు చదువు రాదు, తూకం రాదు. కానీ తమ కడుపుకు ఏం తక్కువైందో వాటికి తెలుసు. తనకే తెల్వలేదు. దవాఖానలో పెద్ద డాక్టరమ్మ రోగిని చూసినంకనే చీటి రాసేది. తను ముప్పై ఏండ్లు ఆ చీటి చూసి పొట్లం కట్టిండు. ఇక్కడ చీటి రాసేదెవరు? కోడే. తను చదవకుండనే కట్టిండు.

ఒకటి మాత్రం ఆయన సొంతంగా కనిపెట్టిండు. కర్రెది పగటిపూట ఆయన పెరుగన్నం తిని గిన్నె కడిగే కాడికి వచ్చి, ఆ తెల్లనీళ్ల కోసం నిలబడేది. రెండు దినాలు చూసి, ఏడో చిప్పలో మజ్జిగ పోసిండు. అన్నీ వచ్చినయి. మూతులు తెల్లగా చేసుకొని తలలెత్తి మింగుతుంటే, ఆయన అట్లనే చూసుకుంట కూసున్నడు. చాయ్ చల్లారింది.

వారం తిరిగేసరికి డొల్లలు గట్టిపడ్డయి. గవ్వలది పెట్టిన మొదటి మంచి గుడ్డును ఆయన గోరుతో టకటక కొట్టి చూసి, గోడ మీదికెల్లి షహర్ బానోకు చూపించిండు. ఆమె దాన్ని చూసి, "ముబారక్ అన్నా, కొడుకు పుట్టినట్టున్నది నీకు" అన్నది. ఊక పోసి గుడ్లు దాస్తున్న బుట్ట మెల్లగా నిండుతున్నది. కానీ దినాలు దానికన్న జల్ది పోతున్నయి.

ఒకనాడు మాపటికి రిజిస్టర్‌లో తొమ్మిదో పేరు కింద రాసి, కలం మూసిండు. ఎవలకు ఏదిష్టమో అన్నీ ఉన్నయి. అంతల లచ్చవ్వ ఫోన్ వచ్చింది. ఏం తోచిందో ఏమో, "లచ్చవ్వా, నీకేమిష్టం తినుడు?" అని అడిగిండు.

అవతల గాలి చప్పుడు తప్ప ఏం లేదు.

"ఉన్నవా?"

"ఉన్న. జ్వరం గిట్ల వచ్చిందా నీకు?"

"ఊరికె అడిగిన."

"నాకేమిష్టం. ఏదుంటే అది తింట" అని, "పిల్ల లేచింది" అని పెట్టేసింది.

ఆశీర్వాదం ఫోన్ దిక్కు చూసుకుంట కూసున్నడు. ముప్పై నాలుగు ఏండ్ల కాపురం. మెడబోడది రొయ్యలే ఎందుకు తింటదో పదకొండు దినాలల్ల తెలిసింది. ఈమె ఏం తింటదో తెల్వదు.

పండుగ ముందటి శుక్రవారం గుడ్ల లెక్క చూస్తే ఇరవై ఒకటి. ఆశీర్వాదం సంతకు పోయిండు. ఒక ముసలామె గంపలో నాటుగుడ్లు పెట్టుకొని కూసున్నది. తొమ్మిది ఏరి రుమాలులో పెట్టుకున్నడు. చూస్తే ఏం తేడా లేదు. దేవునికి తప్ప ఎవ్వరికీ తెల్వదు. అక్కడనే ఆయన చెయ్యి ఆగింది. దవాఖానలో ఒక కొత్త పిలగాడు దగ్గుమందులో నీళ్లు కలిపి సీసాలు నింపితే, తనే పట్టుకొని, మందులో నీళ్లు కలిపినోడు మనిషి నెత్తురులో కలిపినట్టేరా అని తిట్టిండు. ఆ తిట్టు ఇప్పుడు తిరిగి తన చెవిలోనే పడ్డది. గుడ్లు ఒక్కొక్కటి తిరిగి గంపలో పెట్టిండు.

"నాటువే సారూ, మా ఇంటియే" అన్నది ముసలామె.

"మీ ఇంటియే అవ్వా. గదే తిప్పలు" అన్నడు.

ఒట్టి చేతులతో పోబుద్ధికాక, దారిలో కూరగాయలు కొన్నడు. బేకరీ కాడ అద్దంలో కనపడ్డది ఒకటి కొన్నడు.

శనివారం మాపటికి లచ్చవ్వ దిగింది. పొద్దటి రెండు కలిసి గుడ్లు ఇరవై మూడైనయి. మూట అరుగు మీద పెట్టి, మొగని దిక్కు కూడా చూడకుండ సీదా పెరట్లోకి పోయింది. కోళ్లన్నీ కాళ్ల చుట్టు చేరినయి. చిప్పలు ఒకటి, రెండు, మూడని చూసుకుంట పోయి ఏడోదాని కాడ ఆగింది.

"గిదెక్కడిది?"

"మజ్జిగ. కర్రెది అడిగింది" అన్నడు. అన్నంక ఇగ ఆగలేదు. గిర్ని, పొట్లాలు, గంపలు, తోలు గుడ్లు, అన్నీ వరుసగా చెప్పిండు. చెప్పేటప్పుడు నిలబడే ఉన్నడు, దవాఖానలో పెద్ద డాక్టరమ్మ ముంగట నిలబడ్డట్టు.

లచ్చవ్వ మజ్జిగ చిప్ప మీది నుంచి తల ఎత్తింది.

"పొట్లాలు? కోళ్లకు?"

"ఊఁ."

"మూల దోపినవా?"

"దోపిన."

ఆమెకు నవ్వాగలేదు. గోళెం పట్టుకొని, కొంగుతో కండ్లు తుడుచుకొని, మళ్లా నవ్వింది. అవతలి నుంచి షహర్ బానో, "చెప్పిండా? చెప్పిండా భాభీ?" అని ఒర్రింది. నవ్వు అయిపోయినంక లచ్చవ్వ బుట్ట దిక్కు చూసింది. మొఖం మారింది.

"అందరి ముంగట ముప్పై అన్న" అన్నది చిన్నగా. "ఇద్దరి పానాల మీద మొక్కిన మొక్కు స్తుతి బాపూ."

ఆమె లోపలికి పోయి, మూట విప్పి, పిల్ల చొక్కా ఒకటి తీసి ముక్కుకు ఆనించుకొని కూసున్నది.

ఆదివారం పొద్దున రెండు గుడ్లు దొరికినయి. ఇరవై ఐదు.

మందిరం నిండా పసుపు వాసన. గుమ్మడికాయలు మెట్ల మీద పేర్చి ఉన్నయి. తిమోతి అయ్యగారు ఒక్కొక్కరి పేరు పిలుస్తుండు. లచ్చవ్వ పేరు వచ్చింది. ఆమె బుట్ట పట్టుకొని లేచింది కానీ, ముందుకు పోలేదు. అప్పుడు మగోళ్ల దిక్కు నుంచి ఆశీర్వాదం లేచిండు. మందిరంలో గంట కొట్టుడు, చాపలు పరుచుడు తప్ప ఏనాడూ నోరు తెరిచిన మనిషి కాదు.

"అయ్యగారూ, ఇవి ఇరవై ఐదే. ఐదు తక్కువ. మొక్కినామె తప్పు కాదు. ఆమె నాకు ఒక్కటే మాట చెప్పింది, చిప్పలు మార్చకుమని. నేను మార్చిన. కోళ్లకు ఏం కావాలెనో అడగకుండ నాకు తోచింది తినిపించిన. గుడ్లు పాడైనయి. సంతల కొందామని కూడా పోయిన. కొనలే." చెమట తుడుచుకున్నడు. ఇంకేమైనా దాచినట్టయితదేమోనని ఇంకో మాట కలిపిండు. "ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి కావాలె. ఇప్పుడు తెలిసింది. ఎర్రదానికి డొల్లలు కావాలె, అయ్యగారు డొల్లలు ముట్టనే ముట్టడు…"

లచ్చవ్వ కండ్లు గట్టిగా మూసుకున్నది.

"నేనా?" అన్నడు తిమోతి అయ్యగారు.

"మీరు కాదు, మా… మా పుంజు" అన్నడు ఆశీర్వాదం. ఇగ చూడు, ముందు వరుస ముసలోళ్ల నుంచి ఎనుక తల్లుల ఒళ్లో పిల్లల దాకా ఒకటే నవ్వు. తిమోతి అయ్యగారు అద్దాలు తీసి తుడుచుకునేదాకా ఆగలేదు.

"కూత మంచిగుంటదా దానిది?" అని అడిగిండు.

"పొడుగుంటది అయ్యగారూ" అన్నది లచ్చవ్వ, కండ్లు తెరవకుండనే.

నవ్వులు సల్లబడ్డంక ఆయన బుట్ట అందుకున్నడు. "లచ్చవ్వ మొక్కు ముట్టింది. తక్కువ చేసినోడు ఎవడో వాడే నిండజేయాలె. ఆశీర్వాదం, వచ్చే ఐదు ఆదివారాలు, వారానికి ఒక్క గుడ్డు, నువ్వే నీ చేతితో తేవాలె. పొట్లం కట్టకు" అన్నడు.

వేలం కాడికి బాలమల్లు కూడా వచ్చిండు. వాడు మందిరానికి వచ్చేటోడు కాదు కానీ వేలానికి తప్పడు. "నా గిర్నికి పట్టిన వాసన ఈ గుడ్ల కోసమేనట కదా. ఇయి నేనే తినాలె, ఇంకెవ్వరికీ పోనియ్య" అని అందరి మీద పైకి పాడి బుట్ట ఎత్తుకున్నడు. లచ్చవ్వ ఆ బుట్ట పోయేదాకా నిలబడి చూసింది. భుజాలు దిగినయి. ఐదు వారాల బరువు దిగింది.

ఇంటికి వచ్చినంక ఆమె పొయ్యి కాడికి పోబోతుంటే ఆశీర్వాదం అడ్డం నిలబడ్డడు. పీట వేసి కూసోమన్నడు. ముంగట ఒక్కొక్కటి తెచ్చి పెట్టిండు. పప్పు. పచ్చిపులుసు. ఉల్లిగడ్డ కారం. వంకాయ కూర. షహర్ బానో ఇచ్చిన ఖీమా. అన్నిటికీ వేరు వేరు గిన్నెలు. ఆఖరికి, కాగితంలో చుట్టి ఉన్నది విప్పి పెట్టిండు. బేకరీ క్రీమ్ బన్ను. మీద ఎర్రటి చెర్రీ ముక్క.

"గిదేంది?"

"ఏది ముందు తినబుద్ధయితే అది తిను. నేను చూస్త."

"నేను కోడినా?"

"కోళ్లయితే ఇన్ని మాటలు అడగయి."

ఆమె గిన్నెల దిక్కు చూసింది. చెయ్యి పచ్చిపులుసు మీదికెల్లి పోయింది, ఖీమా మీదికెల్లి పోయింది. ఆఖరికి పోయి బన్ను మీద ఆగింది. కొరికింది. మూతికి క్రీమ్ అంటుకున్నది, మజ్జిగ తాగిన కర్రెదాని లెక్కనే.

"స్తుతి కడుపుల ఉన్నప్పుడు ఒకసారి తెచ్చినవు" అన్నది. "మళ్లా తేలే."

"అడగలేదు కద?"

"చిప్పలు పెట్టేటోడు పెట్టాలె కానీ, అడుగుడేంది" అన్నది. సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఎండ తగ్గింది. ఇద్దరూ గోళెం కాడ పీటలు వేసుకున్నరు. గవ్వలది అన్ని చిప్పల ముంగటికెల్లి తిరిగి తిరిగి, డొల్లల కాడ నిలబడి, పలుకు పలుకు ఏరుకుంటున్నది.

"రేపు గవ్వలది పెడతది. మొదటి ఆదివారానికి తీసి పెట్టు" అన్నది లచ్చవ్వ.

ఆశీర్వాదం రిజిస్టర్ తెరిచి ఆ మాట రాసిండు. ఆమె పుంజును అదిలిస్తుంటే చూసి, తొమ్మిది పేర్ల కింద ఇంకో గీత గీసి, పదో పేరు కూడా రాసిండు.

"లచ్చవ్వ: క్రీమ్ బన్ను. నెలకొకసారన్న. అడగకుండనే."